దిస్, దట్, దీజ్, దోజ్: ఇంగ్లీషు నిర్దేశక సర్వనామాల గురించి తెలుగువారు తరచుగా అడిగే ప్రశ్నలు

దగ్గర ఉన్నదానికి దిస్, దూరంగా ఉన్నదానికి దట్ అనే సూత్రాన్ని తెలుగు పిల్లలు చిన్న తరగతుల్లోనే తేలికగా పట్టుకుంటారు. ఇది, అది అనే తేడా మన భాషలో మొదటి నుంచీ ఉంది కాబట్టి అందులో వారికి కొత్తదేమీ కనిపించదు. అయినా పదో తరగతి దాటి, డిగ్రీ కూడా దాటిన తరువాత ఈ నాలుగు మాటల దగ్గరే మన రాతలో, మాటలో తప్పులు దొర్లుతూ ఉంటాయి. దగ్గర దూరాల సూత్రం రాకపోవడం వల్ల వచ్చే తప్పులు కావవి. తెలుగులో ఒక్క మాటతో జరిగే పని ఇంగ్లీషులో రెండు మాటల మధ్య పంచుకుపోయిన చోట, మనకు మారని మాట వారికి మారే చోట వచ్చే తప్పులు. అందువల్ల కింది సమాధానాల్లో దగ్గర దూరాల గురించి క్లుప్తంగా, తెలుగువారికి నిజంగా అడ్డుపడే విషయాల గురించి వివరంగా రాశాను.

నిర్దేశక సర్వనామాలు అంటే ఏమిటి? అవి ఎన్ని?

ఒక వస్తువును, వ్యక్తిని లేదా విషయాన్ని పేరుతో చెప్పకుండా, వేలుపెట్టి చూపినట్టుగా సూచించే మాటలను నిర్దేశక సర్వనామాలంటారు. ఇంగ్లీషులో ఇవి ముఖ్యంగా నాలుగు. దగ్గరి ఏకవచనానికి దిస్, దగ్గరి బహువచనానికి దీజ్, దూరపు ఏకవచనానికి దట్, దూరపు బహువచనానికి దోజ్. తెలుగులో వీటికి సరిపోయేవి ఇది, ఇవి, అది, అవి. పాత పద్ధతిలో రాసిన కొన్ని వ్యాకరణ పుస్తకాలు సచ్ అనే మాటను కూడా ఈ వర్గంలోనే చేరుస్తాయి. అది కొంతవరకు సమంజసమే గాని, రోజువారీ అవసరానికి ఈ నాలుగింటి మీద పట్టు సాధిస్తే చాలు.

దగ్గర, దూరం అన్నవి కొలబద్దతో కొలిచేవి కావు. మాట్లాడేవారు ఆ వస్తువును తమ వైపుదిగా భావిస్తున్నారా, అవతలి వైపుదిగా భావిస్తున్నారా అన్నదే లెక్క. ఎదుటివారి చేతిలో ఉన్న పుస్తకం మనకు రెండడుగుల దూరంలోనే ఉన్నా ‘వాట్ ఈజ్ దట్?’ అని అడగడం సహజం. ఆకాశంలో నక్షత్రాల పటాన్ని చేతిలో పట్టుకుని ఒక చుక్క మీద వేలుపెట్టి ‘దిస్ ఈజ్ ద పోల్ స్టార్’ అనడమూ అంతే సహజం.

‘దిస్ ఈజ్ ఎ బుక్’లో ఉన్న దిస్, ‘దిస్ బుక్’లో ఉన్న దిస్ ఒకటేనా?

రూపం ఒకటే, పని వేరు. మొదటి వాక్యంలో దిస్ ఒంటరిగా నిలబడి నామవాచకం చేయవలసిన పనిని తానే చేస్తోంది కాబట్టి అది సర్వనామం. రెండవదానిలో బుక్ అనే నామవాచకానికి ముందు నిలిచి ఏ పుస్తకమో చెబుతోంది కాబట్టి అది నిర్దేశక విశేషణం. ఇప్పటి వ్యాకరణ పుస్తకాలు రెండవదాన్ని డిటర్మైనర్ అంటున్నాయి.

ఈ తేడాను గుర్తించడంలో తెలుగువారికి ఒక సౌలభ్యం ఉంది. మన భాషలో ఈ రెండు పనులకూ వేరువేరు రూపాలు ఉన్నాయి. ఒంటరిగా నిలిస్తే ఇది, అది. నామవాచకానికి ముందు వస్తే ఈ, ఆ. బడిలో త్రికసంధి చదివినవారికి ఆ, ఈ, ఏ అనే మూడింటినీ త్రికములంటారని గుర్తుండే ఉంటుంది. పరీక్షలో గీత గీసిన మాట సర్వనామమా, విశేషణమా అని అడిగినప్పుడు ఆ వాక్యాన్ని మనసులో తెలుగు చేసుకుంటే చాలు. ఇది, అది, ఇవి, అవి అని వస్తే సర్వనామం. ఈ, ఆ అని వస్తే విశేషణం. ‘దోజ్ ఆర్ మ్యాంగోస్’ అంటే అవి మామిడిపండ్లు, కనుక సర్వనామం. ‘దోజ్ మ్యాంగోస్ ఆర్ స్వీట్’ అంటే ఆ మామిడిపండ్లు తియ్యగా ఉన్నాయి, కనుక విశేషణం.

చదువుకున్నవారు కూడా ‘దిస్ బుక్స్’ అని ఎందుకు అంటారు?

కారణం పై సమాధానంలోనే ఉంది. తెలుగులో సర్వనామానికి వచనభేదం ఉంది గాని, విశేషణానికి లేదు. ఇది బహువచనంలో ఇవి అవుతుంది. ఈ మాత్రం మారదు. ఈ పుస్తకం, ఈ పుస్తకాలు. ఆ ఇల్లు, ఆ ఇళ్ళు. ఇంగ్లీషులో మామూలు విశేషణాలు కూడా మన విశేషణాల్లాగే వచనాన్ని బట్టి మారవు: గుడ్ బుక్, గుడ్ బుక్స్. దిస్, దట్ అనే రెండు మాత్రమే ఆ నియమానికి లొంగకుండా దీజ్, దోజ్‌గా మారతాయి. అందుకే ‘దీజ్ ఆర్ బుక్స్’ అని తప్పులేకుండా చెప్పే విద్యార్థి కూడా ‘దిస్ బుక్స్ ఆర్ మైన్’ అనేస్తాడు. అది అశ్రద్ధ వల్ల జరిగే పొరపాటు కాదు, మాతృభాష నుంచి వచ్చిన అలవాటు. ఆ సంగతి తెలిసిన ఉపాధ్యాయులు విద్యార్థిని కసురుకోకుండా, ‘ఈ’ అని మనసులోకి వచ్చిన ప్రతిసారీ ఆ తరువాతి నామవాచకం ఏ వచనంలో ఉందో చూసుకోవడం నేర్పుతారు.

కైండ్, సార్ట్, టైప్ వంటి మాటలతో కూడా ఈ జాగ్రత్త అవసరం. ‘దిస్ కైండ్ ఆఫ్ బుక్’ లేదా ‘దీజ్ కైండ్స్ ఆఫ్ బుక్స్’ అని రెండు వైపులా వచనం కలిసేలా రాయడం పద్ధతి.

‘ఇవి పాలు’ అంటాం కదా, మరి ‘దీజ్ ఆర్ మిల్క్’ అనకూడదా?

అనకూడదు. తెలుగులో పాలు, నీళ్ళు బహువచన రూపాలు. పాలు ఉన్నాయి, నీళ్ళు వస్తున్నాయి అంటాం గనుక సర్వనామం కూడా సహజంగానే ఇవి, అవి అవుతుంది. ఇంగ్లీషులో మిల్క్, వాటర్ లెక్కించడానికి వీలులేని పదార్థాలు కాబట్టి ఎప్పుడూ ఏకవచనమే. ‘దిస్ ఈజ్ మిల్క్’, ‘దిస్ వాటర్ ఈజ్ కోల్డ్’ అనే అనాలి. డబ్బులు అని బహువచనంలో అన్నా ‘దట్ మనీ’యే. ఫర్నిచర్, లగేజ్, ఇన్‌ఫర్మేషన్, అడ్వైస్ కూడా ఈ కోవలోవే. నాలుగు సలహాలు ఇచ్చినా అవి ‘దిస్ అడ్వైస్’ కిందికే వస్తాయి.

దీనికి ఎదురుగా నడిచే మాటలూ ఉన్నాయి. కత్తెర, ప్యాంటు, కళ్ళజోడు మనకు ఏకవచనాలు, ఇంగ్లీషులో బహువచనాలు. ఇది కత్తెర అనడానికి ‘దీజ్ ఆర్ సిజర్స్’ అనాలి. ‘దీజ్ ట్రౌజర్స్’, ‘దోజ్ స్పెక్టకిల్స్’ కూడా అంతే. న్యూస్, మ్యాథమెటిక్స్ చివర ఎస్ ఉన్నంత మాత్రాన బహువచనాలు కావు. ‘దిస్ న్యూస్’ అనడమే సరి. పీపుల్ చివర ఎస్ లేకపోయినా మనుషులు అనే అర్థంలో బహువచనమే కాబట్టి ‘దోజ్ పీపుల్’ అనాలి. సొమ్ము మొత్తాన్ని ఒక్కటిగా చూసినప్పుడు మాత్రం సంఖ్య ఎంత పెద్దదైనా ఏకవచనం చెల్లుతుంది: ‘దట్ ఫైవ్ హండ్రెడ్ రూపీస్ ఈజ్ మైన్.’ ఇక్కడ మాట్లాడేది విడివిడి రూపాయల గురించి కాదు, ఒక మొత్తం గురించి.

ఇట్, దట్ రెండింటికీ తెలుగులో ‘అది’ అనే అంటాం. ఏది ఎప్పుడు వాడాలి?

ఈ పేజీలో ఒక్క సమాధానమే చదివే తీరిక ఉన్నవారు దీన్ని చదవాలని నా కోరిక. తెలుగువారి ఇంగ్లీషులో దట్, దిస్ అవసరానికి మించి వినిపించడానికి మూలం ఇక్కడే ఉంది.

తెలుగులో అది అనే మాట రెండు పనులు చేస్తుంది. ఒకటి చూపించడం: అది చార్మినార్. రెండవది, ఇంతకుముందే ప్రస్తావించిన వస్తువును మళ్ళీ తలచుకోవడం: నిన్న ఒక ఫోన్ కొన్నాను, అది బాగా పనిచేస్తోంది. ఇంగ్లీషు ఈ రెండు పనులనూ వేరు చేసింది. చూపించే పని దట్‌ది, మళ్ళీ తలచుకునే పని ఇట్‌ది. కాబట్టి రెండవ వాక్యాన్ని ‘ఐ బాట్ ఎ ఫోన్ యెస్టర్‌డే. ఇట్ ఈజ్ వర్కింగ్ వెల్’ అని చెప్పాలి. అక్కడ ఇట్ బదులు దట్ అంటే, వేరే ఫోన్లను పక్కన పెట్టి ఆ ఒక్కదాన్నే ఎత్తి చూపుతున్నట్టు వినేవారికి అనిపిస్తుంది.

గుర్తుపట్టడానికి ఒక ఉపాయం ఉంది. మీ తెలుగు వాక్యాన్ని పైకి చదివి, అందులోని అది అనే మాటను తీసేసి చూడండి. నిన్న ఒక ఫోన్ కొన్నాను, బాగా పనిచేస్తోంది అన్నా అర్థం చెడలేదు. అలా తీసేయగలిగిన అది సాధారణంగా ఇంగ్లీషులో ఇట్ అవుతుంది. చేయి చాపి చూపిస్తున్న అది, ఒత్తి పలికే అది, తీసేస్తే వాక్యం కుంటుపడే అది మాత్రం దట్ అవుతుంది. నాకు కావలసింది అదే అన్న వాక్యంలో అదే అనేది తీసేస్తే ఏమీ మిగలదు. అందుకే ‘దట్ ఈజ్ వాట్ ఐ వాంట్.’ ఇట్ అనే మాట బలంగా ఒత్తి పలకడానికి సాధారణంగా పనికిరాదని గమనిస్తే ఈ ఉపాయం ఎందుకు పనిచేస్తుందో అర్థమవుతుంది.

ఒక వస్తువును కాకుండా ఎదుటివారు చెప్పిన మొత్తం విషయాన్ని అందుకున్నప్పుడు దట్ సహజం. స్నేహితుడు ఉద్యోగం మానేశానని చెబితే ‘దట్స్ ఎ బిగ్ డెసిషన్’ అంటాం. ఏదైనా సమాచారం చెప్పినప్పుడు, అది నాకు తెలుసు అనడానికి ‘ఐ నో దట్’ అంటాం.

రాతలో ఇదే చిక్కు దిస్ రూపంలో వస్తుంది. మన పాఠ్యపుస్తకాల శైలిలో ఒక వస్తువును పరిచయం చేసి, తరువాతి వాక్యాన్ని ఇది అని మొదలుపెట్టడం రివాజు: చార్మినార్ హైదరాబాదులో ఉంది, ఇది 1591లో నిర్మితమైంది. తెలుగులో అది చక్కటి వాక్యం. ఇంగ్లీషులో ‘దిస్ వాజ్ బిల్ట్ ఇన్ 1591’ అని రాస్తే ఎవరో కట్టడం ముందు నిలబడి చేయి చూపిస్తూ చెబుతున్నట్టు ఉంటుంది. వ్యాసంలో ‘ఇట్ వాజ్ బిల్ట్ ఇన్ 1591’ అనే రాయాలి. మన విద్యార్థుల ఇంగ్లీషు వ్యాసాల్లో వరుసగా నాలుగైదు వాక్యాలు దిస్‌తో మొదలవడం చూసినప్పుడు ఆ వ్యాసం ముందు తెలుగులో ఆలోచించి రాసిందని వెంటనే తెలిసిపోతుంది.

ఇక వాన పడుతోంది, పది గంటలయింది, ఎండగా ఉంది వంటి వాక్యాల్లో తెలుగులో ఏ సర్వనామమూ ఉండదు. ఇంగ్లీషు మాత్రం కర్త లేకుండా వాక్యాన్ని నిలబెట్టదు గనుక అక్కడ ఇట్ పెడుతుంది: ‘ఇట్ ఈజ్ రైనింగ్’, ‘ఇట్ ఈజ్ టెన్ ఓ క్లాక్.’ ఈ చోట దిస్, దట్ పనికిరావు.

‘ఈజ్ దిస్ యువర్ పెన్?’ అని అడిగితే ‘యెస్, దిస్ ఈజ్’ అనాలా?

‘యెస్, ఇట్ ఈజ్’ అనాలి. ప్రశ్నలో దిస్, దట్ ఏది ఉన్నా సమాధానంలో ఇట్ వస్తుంది. దీజ్, దోజ్ ఉంటే దే వస్తుంది. ‘ఆర్ దోజ్ యువర్ షూస్?’ అంటే ‘నో, దే ఆర్ నాట్.’ ‘వాట్ ఈజ్ దట్?’ అంటే ‘ఇట్ ఈజ్ ఎ మైక్రోస్కోప్.’ ప్రశ్న అడిగిన వ్యక్తి వస్తువును ఒకసారి చూపించేశాడు కాబట్టి సమాధానం చెప్పేవారు మళ్ళీ చూపించనక్కర లేదు.

ఎదురు ప్రశ్నల్లోనూ ఇదే నియమం. ‘దిస్ ఈజ్ యువర్ హౌస్, ఇజంట్ ఇట్?’ ‘దోజ్ ఆర్ యువర్ టికెట్స్, ఆరంట్ దే?’ తెలుగులో కదా అనే ఒక్క మాటతో అన్ని వాక్యాలూ గడిచిపోతాయి గనుక ఈ మార్పు అలవాటు కావడానికి కొంత సమయం పడుతుంది.

మనుషుల గురించి దిస్, దట్ అనవచ్చా? అది మర్యాదేనా?

పరిచయం చేసేటప్పుడు, గుర్తుపట్టేటప్పుడు అనవచ్చు. అందులో అమర్యాద ఏమీ లేదు. ‘దిస్ ఈజ్ మై మదర్’, ‘దట్ ఈజ్ అవర్ హెడ్‌మాస్టర్’ పూర్తిగా మర్యాదైన వాక్యాలే. తెలుగులో పెద్దవారిని పట్టుకుని ఇది మా అమ్మ అనలేం, ఈవిడ మా అమ్మగారు, ఆయన మా హెడ్‌మాస్టరు గారు అంటాం. అందువల్ల కొందరికి దిస్ అనడానికి నోరు రాదు. ‘షీ ఈజ్ మై మదర్’ అని పరిచయం చేస్తారు. వ్యాకరణం ప్రకారం తప్పు కాకపోయినా, మొదటిసారి పరిచయం చేసేటప్పుడు ఇంగ్లీషువారు అనే మాట ‘దిస్ ఈజ్’. షీ అనేది పరిచయం అయిపోయిన తరువాతి వాక్యంలో వస్తుంది: ‘దిస్ ఈజ్ మై మదర్. షీ టీచెస్ సైన్స్.’

పరిచయం దాటి ఆ మనిషి చేసే పనుల గురించి చెప్పడానికి మాత్రం దిస్, దట్ ఒంటరిగా పనికిరావు. అతను వస్తున్నాడు అనడానికి ‘దట్ ఈజ్ కమింగ్’ అంటే మనిషిని వస్తువు చేసినట్టు అవుతుంది. మన ఇతను, అతను, ఈమె, ఆమె, వీరు, వారు అనే జతల్లో ఉన్న దగ్గర దూరాల భేదం హి, షీ, దే అనే మాటల్లో లేదు. ఇతను వేరు, అతను వేరు అని చెప్పవలసి వచ్చినప్పుడు ‘దిస్ మ్యాన్’, ‘దట్ మ్యాన్’ అని నామవాచకాన్ని చేర్చాలి. గౌరవం చూపించవలసిన చోట ‘దిస్ జెంటిల్‌మన్’, ‘దట్ లేడీ’ అంటారు.

ఫోన్‌లో ‘ఐ యామ్ సునీత’ అనాలా, ‘దిస్ ఈజ్ సునీత’ అనాలా?

ఫోన్‌లో ‘దిస్ ఈజ్ సునీత’ అనాలి. నేను సునీతను మాట్లాడుతున్నాను అనే తెలుగు వాక్యానికి అది సమానం. అవతలివారు ఎవరని అడగడంలో దేశాన్ని బట్టి కొద్ది తేడా ఉంది. బ్రిటన్‌లో ‘హూ ఈజ్ దట్?’ అని, అమెరికాలో ‘హూ ఈజ్ దిస్?’ అని ఎక్కువగా అంటారు. రెండూ సరైనవే.

కాలం గురించి చెప్పేటప్పుడు ఈ మాటలు ఎలా పనిచేస్తాయి?

ఇప్పటిది, ఇప్పుడే మొదలవుతున్నది దిస్, అయిపోయినది దట్. రాత్రి భోజనం మధ్యలో ‘దిస్ ఈజ్ డెలీషియస్’ అంటాం, చేయి కడుక్కున్న తరువాత ‘దట్ వాజ్ డెలీషియస్’ అంటాం. 1969లో చంద్రుడి మీద కాలు మోపిన నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ తన అడుగు గురించి ‘దట్స్ వన్ స్మాల్ స్టెప్’ అన్నారు. అది ఆయన కాలి కిందే ఉన్న అడుగు. అంతకంటే దగ్గరిది ఉండదు. అయినా వేయడం పూర్తయిన అడుగు కాబట్టి దట్ అక్కడ అమిరింది.

విశేషణంగా వాడే చోట తెలుగువారు గమనించవలసినవి మూడున్నాయి. ఈ రోజు పొద్దున అనే మాటను అనుసరించి ‘టుడే మార్నింగ్’ అంటుంటాం. ప్రామాణికమైన ఇంగ్లీషులో అది ‘దిస్ మార్నింగ్’. ఈ రోజు సాయంత్రం ‘దిస్ ఈవినింగ్’. రాత్రికి మాత్రం ‘టునైట్’. రెండవది, ఈ రోజుల్లో అనడానికి ‘దీజ్ డేస్’ చాలు, ముందు ఇన్ అక్కరలేదు. ఆ రోజుల్లో అనడానికి మాత్రం ‘ఇన్ దోజ్ డేస్’ అని ఇన్ ఉండాలి. మూడవది, ఆ సమయంలో అన్నప్పుడు ‘దట్ టైమ్’ అని ఊరుకోకుండా ‘ఎట్ దట్ టైమ్’ అనాలి.

ముందు చెప్పిన విషయానికి ఏది, చెప్పబోయే విషయానికి ఏది?

చెప్పబోయేదానికి దిస్, దీజ్ మాత్రమే వాడతారు. ‘లిజన్ టు దిస్’ అంటే ఇక చెప్పబోతున్నది వినమని. చెప్పేసినదానికి దిస్, దట్ రెండూ వస్తాయి గాని, రంగు మారుతుంది. ఆ విషయాన్ని ఇంకా పట్టుకుని ముందుకు నడిపించదలచుకుంటే దిస్, దాన్ని ముగించి పక్కన పెట్టదలచుకుంటే దట్. అందుకే ‘దట్స్ వై’, ‘దట్స్ ఆల్’ వంటి ముగింపు మాటలన్నీ దట్‌తోనే ఉంటాయి. ఇందువల్ల, అందువల్ల అనే మన జత కూడా కొంతవరకు ఇలాగే నడుస్తుంది.

రాసేవారికి ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ఒక పేరాలో మూడు విషయాలు చెప్పి, తరువాతి వాక్యాన్ని ‘దిస్ షోస్ దట్...’ అని మొదలుపెడితే, ఆ మూడింటిలో ఏది చూపిస్తోందో చదివేవారికి తెలియదు. ‘దిస్ డిలే’, ‘దిస్ రిజల్ట్’, ‘దీజ్ ఫిగర్స్’ అని ఒక నామవాచకం జతచేస్తే సందేహం పోతుంది. పరిశోధన పత్రాలు, ఆఫీసు నివేదికలు రాసేవారు ఈ ఒక్క అలవాటు చేసుకున్నా వారి ఇంగ్లీషు ఎంతో తేటపడుతుంది. మన రాజ్యాంగ ప్రవేశికను గమనించండి. పాఠ్యపుస్తకాల మొదటి పేజీల్లో అందరూ చూసిన ఆ ఇంగ్లీషు పాఠంలో ‘దిస్’ రెండుసార్లు వస్తుంది. ఒకసారి 1949 నవంబరు 26వ తేదీకి ముందు, మరోసారి కాన్‌స్టిట్యూషన్ అనే మాటకు ముందు. రెండు చోట్లా వెంట నామవాచకం ఉంది. ఏ రోజు, ఏ రాజ్యాంగం అన్న సందేహానికి తావే లేదు.

పోలికల్లో ‘దట్ ఆఫ్’, ‘దోజ్ ఆఫ్’ ఎందుకు పెడతారు?

ఒకసారి చెప్పిన నామవాచకాన్ని మళ్ళీ చెప్పకుండా ఉండడానికి. ‘ద లెంగ్త్ ఆఫ్ ద గోదావరి ఈజ్ గ్రేటర్ దేన్ దట్ ఆఫ్ ద కృష్ణా’ అనే వాక్యంలో దట్ అంటే లెంగ్త్ అని అర్థం. గోదావరి పొడవు దాదాపు 1,465 కిలోమీటర్లు, కృష్ణ పొడవు దాదాపు 1,400 కిలోమీటర్లు. పోలుస్తున్నది రెండు పొడవులను. దట్ ఆఫ్ తీసేస్తే ఒక నది పొడవును ఇంకో నదితో పోల్చినట్టు అవుతుంది. తెలుగులో కృష్ణ కంటే గోదావరి పొడవు ఎక్కువ అంటే ఎవరూ తప్పు పట్టరు కాబట్టి మనకు ఈ లోపం వెంటనే కనబడదు.

నామవాచకం బహువచనమైతే దోజ్ ఆఫ్ వస్తుంది: ‘ద రోడ్స్ ఆఫ్ ద న్యూ టౌన్ ఆర్ వైడర్ దేన్ దోజ్ ఆఫ్ ద ఓల్డ్ టౌన్.’ పోల్చే వస్తువు ఎంత దగ్గర ఉన్నా ఈ నిర్మాణంలో దిస్ ఆఫ్, దీజ్ ఆఫ్ రావు. పోటీ పరీక్షల్లో తప్పు గుర్తించమని ఇచ్చే వాక్యాల్లో ఈ నిర్మాణానికి చోటు ఉంటుంది కాబట్టి ఉద్యోగార్థులు దీన్ని బాగా సాధన చేయడం మంచిది.

‘దోజ్ హూ’ అంటే ఎవరు?

ఏదైనా పని చేసేవారు, చేసినవారు అని అర్థం. కష్టపడేవారు అనడానికి ‘దోజ్ హూ వర్క్ హార్డ్’. ఇక్కడ దోజ్‌కు దూరంతో సంబంధం లేదు. దీజ్ హూ అనే వాడుక లేదు. ఒక్కరి గురించి చెప్పాలంటే ‘వన్ హూ’, ‘ఎనీవన్ హూ’ వంటివి వాడాలి గాని ‘దట్ హూ’ కుదరదు. తెలుగులో ఎవరైతే కష్టపడతారో వారు అని చెప్పే పద్ధతిని అనుసరించి ‘హూ వర్క్ హార్డ్, దే విల్ సక్సీడ్’ అని రాయడం కూడా సరికాదు. కష్టపడేవారు నెగ్గుతారు అనే సహజమైన తెలుగు వాక్యాన్ని మనసులో పెట్టుకుంటే ‘దోజ్ హూ వర్క్ హార్డ్ విల్ సక్సీడ్’ తేలికగా వస్తుంది.

‘నా ఈ పుస్తకం’ అనడానికి ‘దిస్ మై బుక్’ అనవచ్చా?

అనకూడదు. ఇంగ్లీషులో నిర్దేశక విశేషణం, మై, యువర్ వంటి షష్ఠీ రూపాలు ఒకే నామవాచకం ముందు పక్కపక్కన నిలవవు. ‘దిస్ బుక్ ఆఫ్ మైన్’ అనాలి. ఆ మీ స్నేహితుడు అనడానికి ‘దట్ ఫ్రెండ్ ఆఫ్ యువర్స్’ అనాలి.

ఇది నా పుస్తకం అనే పూర్తి వాక్యాన్ని ‘దిస్ మై బుక్’ అనడం వేరే తప్పు. తెలుగులో అటువంటి వాక్యాలకు క్రియ అక్కరలేదు, ఇంగ్లీషులో ఈజ్ లేకుండా వాక్యం పూర్తికాదు. ‘దిస్ ఈజ్ మై బుక్’ అనేదే సరి.

దట్ అనే మాట కనిపించిన ప్రతిచోటా నిర్దేశక సర్వనామమేనా?

కాదు. ‘ఐ నో దట్ హి ఈజ్ హానెస్ట్’లో దట్ రెండు వాక్యాలను కలిపే మాట; తెలుగులో అని అనే మాట చేసే పని. ‘ద బస్ దట్ గోస్ టు గుంటూరు’లో అది సంబంధ సర్వనామం, తెలుగులో గుంటూరు వెళ్ళే బస్సు అంటాం, ప్రత్యేకంగా మాటే ఉండదు. ‘ఇట్ ఈజ్ నాట్ దట్ డిఫికల్ట్’లో అంత అనే అర్థమిచ్చే క్రియావిశేషణం. తెలుగు చేసి చూస్తే అది, ఆ, అని, అంత అని నాలుగు వేరువేరు మాటలు రావడం, ఒకచోట ఏ మాటా రాకపోవడం చూసి భాషాభాగాన్ని నిర్ణయించుకోవచ్చు.

చెవికి కూడా తేడా తెలుస్తుంది. చూపించే దట్‌ను నిండుగా పలుకుతారు. వాక్యాలను కలిపే దట్‌ను మాట్లాడేటప్పుడు తేల్చేస్తారు, అందులోని అచ్చు దాదాపు వినబడదు. అన్ని దట్‌లనూ ఒకే బరువుతో పలికితే ఇంగ్లీషువారికి వాక్యం ఎక్కడ ఊనుతున్నదో అందదు.

దిస్, దీజ్ పలకడంలో తేడా ఏమిటి?

రెండు తేడాలు. దిస్‌లో అచ్చు హ్రస్వం, చివర స్ ధ్వని. దీజ్‌లో అచ్చు దీర్ఘం, చివర నాదం ఉన్న ధ్వని. ఈ చివరి ధ్వని తెలుగులో లేదు. మన జ కారానికి దగ్గరగా రాస్తున్నాం గాని, పలికేటప్పుడు నాలుక అంగిలికి తగలకూడదు, స్ పలుకుతూ కంఠం మోగించాలి. దోజ్ చివర కూడా ఇదే ధ్వని. ఆ ధ్వని పట్టుబడని దశలో కనీసం అచ్చు నిడివి విషయంలో రాజీపడవద్దు, ఎందుకంటే వినేవారు ఎక్కువగా ఆధారపడేది దాని మీదే. హ్రస్వ దీర్ఘాల తేడా తెలుగులో ప్రాణసమానం కాబట్టి మనకు ఇది కష్టమైన పని కాదు.

దిస్ వన్, దట్ వన్ అని ఎప్పుడు అనాలి?

ఒకే రకం వస్తువుల్లోంచి ఎంచుకునేటప్పుడు. దుకాణంలో చీరలు చూస్తూ ‘ఐ లైక్ దిస్ వన్’ అంటారు. బహువచనంలో దీజ్, దోజ్ ఒంటరిగా సరిపోతాయి. ‘దీజ్ వన్స్’ అనేది మాటల్లో వినిపించినా రాతలో మానడం మేలు. మధ్యలో వేరే విశేషణం వస్తే మాత్రం వన్స్ తప్పనిసరి: ‘దోజ్ రెడ్ వన్స్.’

దట్స్ అని కుదించినట్టు దిస్‌ను కూడా కుదించి రాయవచ్చా?

దట్ ఈజ్ అనేదాన్ని దట్స్ అని రాయడం సర్వత్రా ఆమోదమే. దిస్ ఈజ్, దీజ్ ఆర్, దోజ్ ఆర్ అనే వాటిని పూర్తిగా రాయాలి.

ఇండైరెక్ట్ స్పీచ్‌లో దిస్ ఎప్పుడూ దట్ అవుతుందా?

పాఠశాల అభ్యాసాల్లో దిస్‌ను దట్‌గా, దీజ్‌ను దోజ్‌గా మార్చమని పట్టికలు ఇస్తారు. చాలా సందర్భాల్లో అది సరిపోతుంది, ఎందుకంటే ఒకరు చెప్పిన మాటను మనం తరువాత, వేరే చోట చెబుతున్నప్పుడు వారి దగ్గరిది మనకు దూరమై ఉంటుంది. అయితే ఆ వస్తువు ఇప్పుడు మన చేతిలోనే ఉంటే దిస్ మార్చనక్కర లేదు. అతనికి ఈ పుస్తకం నచ్చిందని చెప్పాడు అని, పుస్తకాన్ని చూపిస్తూ మనం తెలుగులో ఎలా అంటామో, ఇంగ్లీషులోనూ ‘హి సెడ్ హి లైక్డ్ దిస్ బుక్’ అని అలాగే అనవచ్చు. పరీక్ష రాసేటప్పుడు, అటువంటి సందర్భం ప్రశ్నలో కనిపించకపోతే, పట్టికను అనుసరించడమే క్షేమం.

ఇంట్లో పిల్లలతో ఎలా సాధన చేయించాలి?

వస్తువులు చూపించి దిస్, దట్ అనిపించడం దగ్గర ఆగిపోకండి, ఎందుకంటే ఆ భాగం వారికి ముందే వచ్చు. ప్రశ్న మీరు దిస్‌తో అడిగి, సమాధానం ఇట్‌తో చెప్పించండి. గిన్నెలో పాలు, చెంబులో నీళ్ళు, పక్కనే కత్తెర, కళ్ళజోడు పెట్టి ఏది దిస్, ఏది దీజ్ అని అడగండి. ఇంటికి వచ్చిన బంధువులను ‘దిస్ ఈజ్ మై అంకుల్’ అని పరిచయం చేయించి, తరువాతి వాక్యాన్ని హితోనో షీతోనో మొదలుపెట్టించండి. కొంచెం పెద్ద పిల్లలైతే తెలుగు దినపత్రికలో ఒక చిన్న వార్త తీసుకుని, అందులో ఇది, అది, ఇవి, అవి అని ఉన్న ప్రతి చోటా ఇంగ్లీషులో ఏ మాట పెట్టాలో, ఎందుకు పెట్టాలో చెప్పమనండి. అక్కడ ఇట్, దే ఎన్నిసార్లు వస్తాయో, దిస్, దట్ ఎంత అరుదుగా మిగులుతాయో వారే గమనిస్తారు.